వెనక గదిలోంచి జవాబు

జూన్ 4

మీ తాతయ్య నిలబడ్డాడే అమ్మడూ! లేచి, తన కాళ్ల మీద తను నిటారుగా నిలబడ్డాడు!

ఎలా ఉన్నావు, వేళకి తింటున్నావా అని ముందు అడగాలి. అవన్నీ తర్వాత అడుగుతాను, ఏమీ అనుకోకు. చేతులు ఆగడం లేదు. పొద్దున ఫిజియో అమ్మాయి వచ్చి, "తాతగారూ, ఇవాళ ఒక్కసారి చూద్దామా?" అని చెవి దగ్గర అరిచింది. ఈయన ఒక చెయ్యి మంచం పట్టీ మీద, ఇంకో చెయ్యి ఆ పిల్ల భుజం మీద వేసి లేచాడు. మోకాళ్లు గడగడలాడాయి గానీ కూలబడలేదు. మీ అమ్మ పాలు పొయ్యి మీద వదిలేసి చూడ్డానికొచ్చింది. పాలు పొంగి గట్టంతా పారాయి. "పోతే పోయాయిలెండి" అంది. పాలు పోతే పోనీ అనడం మీ అమ్మ నోట, పెళ్లయ్యాక ఇదే మొదటిసారి వినడం.

ఇక్కడిదాకా సంతోషం. ఇక్కడి నుంచి కూడా సంతోషమే, కాకపోతే నువ్వు తిడతావు.

నాన్నమ్మ పోయినప్పుడు ఆయన తుంటి ఎముక ఆపరేషనై ఆస్పత్రిలో పడుకుని ఉన్నాడు. గుండె బలహీనంగా ఉంది, లేచి తిరిగేదాకా చెడ్డకబురు చెవిన వేయొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకే చుట్టాలందరూ ఊరవతలికే వచ్చి ఆమెని సాగనంపి, అటునుంచి అటే వెళ్లిపోయారు. ఆయన ఇంటికొచ్చాక కూడా ఒక్కరినీ గడప తొక్కనివ్వలేదు. నువ్వా, ఆ వంతెన పని దగ్గర ఉండగా కొండ విరిగిపడి దారి మూసుకుపోయి, అక్కడే కూర్చుని ఏడ్చావు. ఇంతవరకూ నీకు తెలుసు.

నీకు తెలియనిది ఆ తాడు సంగతి. ఆయన ముందు గదిలో, ఆమె వెనక గదిలో. ఆమెకి మోకాళ్లు పోయి, ఆయనకి చెవులు పోయాక, ఆయనే పేని కట్టిన సన్నతాడు. ఆయన మంచం దగ్గర మొదలై, నడవ గోడకి కొట్టిన కొక్కేల్లోంచి, వంటింటి గుమ్మం పక్కనుంచి ఆమె మంచం దాకా వెళుతుంది కదా. ఆస్పత్రి నుంచి తెచ్చి పడుకోబెట్టగానే ఆయన చెయ్యి దానికోసమే వెతికింది. ఒకసారి లాగాడు. కాసేపు చూసి మళ్లీ లాగాడు. తర్వాత గోడవైపు తిరిగిపోయాడు. జావ తాగలేదు, మందు మింగలేదు. మర్నాడూ అంతే. "అమ్మకి ఒంట్లో నలతగా ఉంది, పడుకుంది" అని నేను చెవిలో అరిస్తే, పడుకున్నా లాగుతుందన్నట్టు చూశాడు.

ఆ మధ్యాహ్నం నేను వెనక గదిలో నాన్నమ్మ దుప్పట్లు మడతపెడుతున్నాను. నా కళ్లముందే తాడు కొస గిలగిల కొట్టుకుంది. ఆలోచించలేదే అమ్మడూ. ఆలోచించి ఉంటే ఇంత పని చేసేవాణ్నా? పట్టుకుని లాగాను.

ఆయన జావ తాగాడు. గిన్నె అడుగు గీకి మరీ తాగాడు. అప్పటినుంచి ఇవాళ్టిదాకా మనిషి రోజురోజుకీ కోలుకుంటున్నాడు. చెప్పు, నేను తప్పు చేశానా? తప్పయితే ఇంత మంచి జరుగుతుందా?

సంతోషంతో చేతిరాత పాడైన
మీ నాన్న


జూన్ 15

నాన్నకి,

కొండ విరిగిన చోట తీగ మీద ఇవతలికి లాగే టపా సంచి ఈ వారం ఆలస్యంగా వచ్చింది, నీ ఉత్తరం నిన్నే అందింది. మొదటి పేజీ చదివి డేరాలోంచి గంతులేస్తూ బయటికొచ్చాను. మా మేస్త్రీ "లాటరీ తగిలిందామ్మా?" అన్నాడు. రెండో పేజీ చదివాక మళ్లీ డేరాలోకి వెళ్లిపోయాను.

నేను తిట్టను. కానీ భయంగా ఉంది. తాతయ్య వయసంతా తాళ్లతో గడిపిన మనిషి. తాడు పేనేటప్పుడు నాన్నమ్మ ఈ కొసన చక్రం తిప్పుతుంటే, ఆయన నడుముకి నార చుట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ వీధి చివరిదాకా వెళ్లిపోయేవాడు. అంత దూరం నుంచి మాట వినపడదు. తాడే వాళ్ల మాట. ఆగమన్నా, తిప్పమన్నా, ఆకలేస్తోందన్నా, అన్నీ ఆ లాగడంలోనే. నువ్వు బస్సు డిపోలో చేరి ఆ పని నేర్చుకోలేదు. నేను చిన్నప్పుడు చక్రం పక్కన కూర్చుని చూశాను.

నాన్నమ్మ ఎప్పుడూ ఒక్కసారి లాగి ఊరుకునేది కాదు. ఆయన "ఉన్నావా?" అని ఒకసారి లాగితే, ఆమె మూడుసార్లు, చెంపలు వాయించినట్టు లాగేది. అంటే ఏంటి నాన్నమ్మా అని అడిగితే చెప్పింది: "ఉన్నాను, చావలేదు, పడుకో." నువ్వు మెత్తగా ఒకసారి లాగి ఉంటావు. నీ చెయ్యి నాకు తెలుసు. ఆయనకి తెలియదనుకోకు.

ఆయన బాగవుతున్నాడని నువ్వు సంబరపడుతున్నావు. నేనూ పడుతున్నాను. కానీ ఒక్కటి ఆలోచించు నాన్నా: ఆయన లేచి ఎక్కడికి నడుస్తాడనుకుంటున్నావు?

అమ్మని అడిగానని చెప్పు. వర్షాలు ఆగలేదు, ఫోన్లు ఇంకా పనిచెయ్యడం లేదు. దారి ఎప్పుడు తెరుస్తారో ఎవరూ చెప్పడం లేదు.

నీ కూతురు


జూన్ 24

నా బంగారుతల్లీ, నీ సలహా పనిచేసింది!

ఏం తెలివే నీది! నీ ఉత్తరం రాకముందు నాలుగైదు రోజులు ఈయన మళ్లీ నీరసపడ్డాడు. ఏమైంది నాన్నా అంటే, "మీ అమ్మకి నా మీద కోపమొచ్చిందిరా" అన్నాడు. "ఎలా తెలుసు?" అన్నాను. "మర్యాదగా లాగుతోంది. ఇన్నేళ్ల కాపురంలో ఇంత మర్యాద ఎప్పుడూ చెయ్యలేదు. చెప్పకుండా ఆస్పత్రికి వెళ్లిపోయానని మనసులో పెట్టుకుంది" అన్నాడు. ఇంతలో నీ ఉత్తరం. మూడుసార్లు, చెంపలు వాయించినట్టు. వెంటనే వెళ్లి అలాగే లాగాను. ముందు గదిలోంచి నవ్వు వినపడింది! పళ్లు లేని ఆ నవ్వు విని ఎన్ని నెలలైందో. "తిట్టిందిరా, తిట్టింది!" అని ఫిజియో అమ్మాయికి కూడా చెప్పాడు. పాపం ఆ పిల్లకి ఏం అర్థమైందో, "చాలా మంచిది తాతగారూ" అంది.

అప్పటినుంచి ఒకటే కబుర్లు. అంతా ఆమె గురించే. నాకే తెలియని సంగతులు. ఆమె పుట్టింటివాళ్లు బావులు తవ్వేవాళ్లని తెలుసుగా. పెళ్లికి ముందు ఆమె తెగిన చేంతాడు భుజాన వేసుకుని ఈయన తాళ్ల కొట్టుకి వచ్చిందట. "ఇది తాడా, తోటకూర కాడా? మా నాన్న బావిలో పడుంటే నువ్వొచ్చి తీసేవాడివా?" అని వీధి వీధంతా వినేలా దులిపేసిందట. ఈయన, "తాడు తెగలేదు, మీ ముడి జారింది" అన్నాడట. "అయితే నేను ముడేస్తాను, నువ్వు వేలాడు" అందట. కొట్టు దూలానికి తాడు కట్టి ఈయన్ని వేలాడదీసింది. బేరానికొచ్చినవాళ్లందరూ పని మానేసి చూశారట. తాడు తెగలేదు, ముడి జారలేదు. "మరి ఎందుకు తెగింది?" అని ఇద్దరూ మధ్యాహ్నందాకా వాదించుకున్నారట. "ఇప్పటికీ తేల్లేదురా, నన్నడిగితే ముడే" అన్నాడు. అని తాడు పట్టుకుని ఒక్కటి లాగాడు. నేను పరిగెత్తుకుంటూ వెనక గదికి వెళ్లి మూడు లాగాను. చెప్పులు కూడా వేసుకోలేదు.

పెళ్లయ్యాక కొట్టులోంచి ఏ మోకు బయటికి వెళ్లాలన్నా ముందు ఆమె ఆ దూలానికి వేలాడి చూసేదట. కడుపుతో ఉన్నప్పుడు కూడా. "నువ్వు లోపలుండగా కూడా వేలాడిందిరా, అందుకే నువ్వు కొంచెం పొడుగు" అన్నాడు.

నువ్వు ఆఖర్న రాసిన ముక్క నాకు అర్థం కాలేదు. ఎక్కడికి నడుస్తాడేంటి? కుర్చీ దాకా, కిటికీ దాకా.

(మర్నాడు రాస్తున్నాను.) ఇవాళ ఫిజియో అమ్మాయి అడిగిందట: "తాతగారూ, మీకు ఎక్కడిదాకా నడవాలని ఉంది?" అని. నేను అప్పుడు వెనక గదిలో తాడు పట్టుకుని కూర్చున్నాను కాబట్టి వినలేదు. మీ అమ్మ వచ్చి చెప్పింది. ఆయన వేలు చూపించాడట, నడవవైపు. ఇప్పుడు అర్థమైందే అమ్మడూ.

మీ నాన్న


జులై 3

నాన్నా,

నేను ఎలా లాగాలో నేర్పలేదు. లాగొద్దనడానికే అదంతా రాశాను. ఇంత దూరం నుంచి నీకు ఒక మాట చెబితే అది ఇంకోలా చేరుతోంది, నేనేం చెయ్యను?

అయినా ఆయన నవ్వాడని చదివినచోట నాకూ నవ్వొచ్చింది. ఆ చేంతాడు కథ నాన్నమ్మ నాకు వేరేగా చెప్పింది. తాడూ తెగలేదట, ముడీ జారలేదట. ఆ కొట్టులో కుర్రాడు బాగుంటాడని ఎవరో అంటే, చూసిరావడానికి ఆమే కత్తిపీటతో కోసుకుని వెళ్లిందట. "మీ తాతకి చెప్పకు, చచ్చేదాకా వాదించనీ" అంది. నేను చెప్పలేదు.

ఇద్దరూ నెలరోజులు మాట్లాడుకోని సంగతి నీకు గుర్తుందా? కొట్టులోకి ప్లాస్టిక్ తాళ్లు తెద్దామని ఆమె, నేను చచ్చాకే అని ఆయన. ఆ నెలంతా ఇంట్లో మాటల్లేవు. కానీ పనిలో చక్రం తిరిగింది, తాడు పేనారు. నాన్నమ్మ చెప్పేది, "నోటితో కాపురం చేసినవాళ్లకంటే మేమే నయం" అని.

అందుకే చెబుతున్నాను. ఆయనతో ఆ తాడు మీద ఎవరూ అబద్ధమాడలేదు ఇంతవరకూ. అత్తయ్యని పిలిపించు. కూతురు చెబితే తట్టుకుంటాడు. కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని చెప్పమను. నడవకముందే చెప్పండి.

నాకు సెలవు ఇచ్చారు. కాగితం చేతిలో ఉంది, దారి లేదు.

నీ కూతురు


జులై 11

అమ్మడూ, ఆయన నడవలోకి వచ్చేశాడు! కర్ర పట్టుకుని, కుట్టుమిషను దాకా!

నువ్వు చెప్పినట్టే మీ అత్తయ్యని పిలిపించాను. చెప్పేస్తానని దారంతా ధైర్యం కూడగట్టుకుని వచ్చింది. వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆయన దాన్ని చూడగానే మొహం వెలిగిపోయి, "నా దగ్గర తర్వాత కూర్చుందువుగాని, ముందు మీ అమ్మ దగ్గరికి వెళ్లు. పొద్దుటినుంచి ఒక్కతే ఉంది" అన్నాడు. అది లేచి వెనక గదికి వెళ్లింది. ఖాళీ మంచం మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఇంతలో తాడు కదిలింది. ఏం చేసిందనుకున్నావు? లాగింది! మూడుసార్లు. "నువ్వెందుకు లాగావే?" అంటే, "నువ్వెందుకు లాగావురా?" అంది.

ఇంకోటి చెబుతాను, మీ అమ్మకి తెలియనివ్వకు. ఈ నాటకం ఆపండి, ఆపండి అని రోజూ నన్ను కాల్చుకుతినే మనిషి. మంగళవారం నేను మందుల షాపు నుంచి వచ్చేసరికి, ఎడమచేత్తో గరిటె, కుడిచేత్తో తాడు. నన్ను చూసి, "నానబెట్టిన బట్టలు ఎవరు ఉతుకుతారు?" అని నా మీద విరుచుకుపడింది. నేను మెదలకుండా వెళ్లి బట్టలు ఉతికాను.

"మీ అమ్మ మనసు ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండటం లేదురా" అంటున్నాడు ఆయన. "వెళ్లి చూడాలి."

అందుకని నేనేం చేశానో వింటే నవ్వుతావో ఏడుస్తావో. నడవలో బెంచీ అడ్డం పెట్టాను. ఫిజియో అమ్మాయిని పక్కకి పిలిచి, కొంచెం నెమ్మదిగా నడిపించమ్మా అన్నాను. "అందరూ త్వరగా నడిపించమంటారండీ, మీరేంటి?" అంది. చెప్పాను. ఆ పిల్ల తాడు వెంట నడవ చివరిదాకా చూసింది. తర్వాత, "కాళ్లకి ఒకసారి వచ్చాక ఆగమంటే ఆగవండీ" అంది. బెంచీని ఆయనే కర్రతో పక్కకి తోశాడు.

ఆయన అడుగు వేస్తుంటే చప్పట్లు కొడుతున్నానే తల్లీ. కొడుతూనే, ఆగు నాన్నా, ఆగు నాన్నా అనుకుంటున్నాను. సంతోషం ఇలా ఉంటుందని నాకు తెలియదు.

మీ నాన్న


జులై 19

నాన్నా,

మీరెవరూ చెప్పొద్దు. దారి ఒకవైపు తీస్తున్నారు, వారంలో లారీలు వదులుతారట. నేను వస్తాను. నేను చెబుతాను. అప్పటిదాకా ఎలాగైనా ఆపు. బెంచీ కాకపోతే బీరువా పెట్టు. చెప్పమని నేనే రాశాను, చెప్పొద్దని నేనే రాస్తున్నాను, తెలుసు.

నిన్న నేల కొలిచే సర్వే గొలుసు అవతలి కొసన ఉన్న కుర్రాడు, సరిచూసుకోవడానికి ఒకసారి లాగాడు. నేను మూడుసార్లు లాగాను. ఏంటమ్మా అని అరిచాడు అక్కడినుంచి. ఇంకెప్పుడూ నిన్ను ఏమీ అనను.

నీ కూతురు


జులై 20

నడిచాడే అమ్మడూ! ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, కర్ర కూడా లేకుండా, ముందు గది నుంచి వెనక గది దాకా నడిచాడు!

ఇవాళ మధ్యాహ్నం తాడు కదిలింది. నేను మూడు లాగాను. ఆగలేదు, మళ్లీ కదిలింది, ఆగకుండా సన్నగా వణుకుతూనే ఉంది. ఏంటా అని చూస్తున్నాను. గోడ మీది తాడునే పట్టుకొమ్మలా పట్టుకుని, దాని వెంటే వస్తున్నాడని నాకేం తెలుసు? తల ఎత్తేసరికి గుమ్మంలో ఉన్నాడు. నేను ఆమె మంచం మీద కూర్చుని ఉన్నాను, తాడు కొస నా చేతిలో.

"నువ్వా?" అన్నాడు.

"నేనే నాన్నా."

"మీ అమ్మేది?"

"పోయింది నాన్నా" అన్నాను. నా జన్మలో అంత మెల్లగా మాట్లాడలేదు. "ఆఁ?" అన్నాడు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని. మళ్లీ చెప్పాను. "గట్టిగా చెప్పరా, వినపడటం లేదు." చెవిలో నోరు పెట్టి అరిచానే తల్లీ. అమ్మ చచ్చిపోయిందని కన్నతండ్రి చెవిలో అరిచాను. ఎదురింటి దర్జీ మిషను ఆపేశాడు.

వచ్చి నా పక్కన కూర్చున్నాడు. డాక్టరు చెప్పిన గుండెకి ఏమీ కాలేదు. ఎప్పుడని అడిగాడు, చెప్పాను. "మరి ఆ మంగళవారం లాగింది?" అన్నాడు. "నీ కోడలు." "మొన్న సాయంత్రం?" "చెల్లెలు." తల ఊపాడు. "కోడలు బాగా లాగింది" అన్నాడు. మీ అమ్మ గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది.

తర్వాత నా చెయ్యి తన ఒళ్లోకి తీసుకున్నాడు. "ఇంటికి ఒక్కరూ రాలేదు కదరా. ఎవరికీ చెప్పలేదన్నమాట. ఇన్నాళ్లూ నాకోసం మీరే మోశారా? ఒక్కరితో చెప్పుకోకుండా?" అన్నాడు. కాదు నాన్నా, అందరూ వచ్చారు, అందరూ ఏడ్చారు, నువ్వొక్కడివే లేవు అని చెప్పాలి. నోరు తెరిచాను. ఆయన నన్ను చూస్తున్న చూపు చూసి మూసేశాను. నాకింకో అబద్ధం పెరిగింది అమ్మడూ, ఈసారి ఒక్క మాట కూడా ఆడకుండానే.

"కాగితం తే. ఎవరికి ఎలా చెప్పాలో చెబుతాను, ధడాల్న చెబితే తట్టుకోలేరు" అన్నాడు. ఆయన చెబుతుంటే ఒక్కో పేరు రాశాను. వాళ్లందరికీ తెలుసు. ఇవాళే కబురు పెడుతున్నాను, మళ్లీ మొదటిసారి విన్నట్టు వచ్చి ఏడవమని. నువ్వు కూడా అలాగే రా. ఆయన చెప్పింది చెప్పినట్టు కింద రాస్తున్నాను.

ఆమె చెల్లెలికి: ముందు ఒంట్లో బాగోలేదని చెప్పండి. రెండు రోజులాగి, బాగా లేదని చెప్పండి. ఆ తర్వాతే అసలు సంగతి.

బావులు తవ్వే మీ మేనమామకి: మగాడు కదా అని మొహం మీద చెప్పేయకండి. వాడు ఆమె చేతుల్లో పెరిగాడు. పక్కన మంచినీళ్లు పెట్టుకుని చెప్పండి.

మా అన్న కొడుక్కి: వాడికి ఉత్తరం రాయొద్దు, వాడి పెళ్లాం చేత చెప్పించండి.

పెద్దవదినకి: ఆమెకి మతిమరుపు. ఒకసారి చెబితే చాలు. మళ్లీ అడిగితే, బాగుందని చెప్పండి.

మనవరాలికి: వంతెన మీద ఉండగా చెప్పొద్దు. కిందికి దిగాక, నేల మీద నిలబడి ఉన్నప్పుడు, పక్కన ఎవరైనా ఉన్నారో లేదో చూసి చెప్పండి. ముందు నేను నడిచానని చెప్పండి.